తొట్టెలలో కాలు

మోకాలి మీద పెట్టిన నీళ్ల ప్యాకెట్టు ఇంకా రాయిలాగే ఉంది. కిరాణా కొట్టు ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకుల పక్కన గడ్డకట్టించిన ప్యాకెట్టు. అత్త హేమ్లి దాన్ని కొంగులో చుట్టి తెచ్చి ఇచ్చి, మళ్లీ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీయడానికి పోయింది. ఇరవై నిమిషాలు ఉంచాలి. ఆ తర్వాత మడమ కింద తువ్వాలు చుట్ట, ఆ తర్వాత తొడ బిగించడం, ఆ తర్వాత కాలు లేపడం. గోడ గడియారంలో రెండు దాటి అయిదు నిమిషాలు. మూడింటికి ఆటో వస్తుంది. ఆటో వస్తే పిల్ల పోతుంది. కాలు లేస్తే పిల్ల పోదు. ఈ సంగతి భాను ఎవరికీ చెప్పలేదు. పొద్దున డ్యూటీకి పోతూ గడప దగ్గర ఒక క్షణం ఆగిన మొగుడు కోటేష్‌కు చెప్పలేదు, పిల్లను తీసుకుపోవడానికి కారేపల్లి నుంచి వచ్చిన ఆడబిడ్డ పుష్పకూ చెప్పలేదు. తన కుడి తొడకు ఒక్కదానికే చెప్పింది. ఒక్కసారి లెయ్, మోకాలు వంగకుండా, మంచం మీద నుంచి జానెడు ఎత్తు, పది లెక్కపెట్టేదాకా. అంత చాలు. అప్పుడు పుష్ప వదినతో, ఉండనీ వదినా నేను చూసుకుంటా అని చెప్పొచ్చు. పది లెక్కపెట్టేదాకా కాలు గాల్లో నిలిపిన మనిషి మాటను ఎవరు కాదంటారు.

పిల్లను పంపమని ఎవరూ బలవంతం చేయలేదు, అదే ఆమె బాధ. ఎవరైనా చేసి ఉంటే ఎదురు తిరగడానికి ఒక మనిషి దొరికేది. ఎనిమిది రోజుల కింద అత్త బోరింగు దగ్గర ఉన్నప్పుడు మేఘు వాకిట్లో కూర్చుని ఏడ్చింది. పద్నాలుగు నెలల పిల్ల, ముక్కు కారుతూ, రెండు చేతులూ పైకి చాపి. వాకరు పట్టుకుని నిలబడ్డ భాను వాకరును వదిలేసింది. పిల్లను చంకనేసుకుంది. ఒక అడుగు పడింది. రెండో అడుగూ పడింది, ఎంత సంతోషమేసిందో, నలభై రోజుల తర్వాత చంకలో ఆ బరువు, మెడ మీద ఆ ఉమ్ము తడి. మూడో అడుగుకు గడప దగ్గర మోకాలు మడతపడింది. నొప్పి పుట్టి పడిపోతే అది ఒక తీరు. నొప్పి లేదు. మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు వేస్తే అక్కడ మెట్టు లేనట్టు, అంతే, అక్కడ కాలు లేదు. మేఘు నుదురు గడప చెక్క అంచుకు తగిలింది. ఇప్పుడక్కడ నల్లటి పెచ్చు కట్టింది, కనుబొమ్మకు కాస్త పైన, చింతగింజంత. ఆ సాయంత్రం కోటేష్ మిల్లు నుంచి జుట్టు నిండా జామాయిల్ కట్టెల పొట్టుతో వచ్చాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు. పిల్ల నుదురు చాలాసేపు చూసి, “ఇంక ఎత్తుకోకు” అన్నాడు. అంతే అన్నాడు. మర్నాడు అక్కకు ఫోన్ చేశాడు. అత్త చేనుకు పోకపోతే కాయ చెట్టు మీదనే ఎండి రాలిపోతుంది, అతను పోకపోతే కాంట్రాక్టరు ఇంకో మనిషిని పెట్టుకుంటాడు, మంచం మీది తల్లి దగ్గర నడక నేర్చే పిల్లను ఎవరు వదిలిపోతారు. అన్నీ నిజాలే. అందుకే తల ఊపింది. తల ఊపడం ఆమెకు బాగా వచ్చు.

ప్యాకెట్టు ఒక మూల మెత్తబడింది. మోకాలి చుట్టూ చర్మం చచ్చిపోయినట్టు అయింది. చల్లగా పెట్టాలంట, ఎవరు నమ్ముతారు. చల్లదనం పట్టేస్తే కాలు కొయ్యబారుతుందని తండాలో అందరూ అన్నారు, అత్త పూటపూటకూ ఇసుక వేయించి గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టింది, చేతులు కాలేదాకా పెట్టింది పాపం. వాపు తగ్గలేదు. పైగా కాలు తొట్టెలలో. ఆ తొట్టెల తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు హాయిగానే ఉంటుంది, అదే భయం. మిరప చేలో బస్తా నెత్తిన పెట్టుకుని సాళ్ల మధ్య నడుస్తుంటే పాదం ఇరుక్కుని ఒళ్లు తిరిగింది, లోపల ఏదో టప్పుమంది, లిగమెంట్ తెగిందన్నారు. ఖమ్మంలో కార్డు మీద ఆపరేషన్ చేశారు. నాలుగో రోజు తండాకు తెచ్చారు. మోకాలు చిన్న గుమ్మడికాయంత. చాపితే వెనక నరాలు గుంజేవి, కొంచెం వంచి పెడితే ప్రాణం కుదుటపడేది. కోటేష్ మొదట బొంతలు మడిచి మోకాలి కింద పెట్టాడు. అవి జారిపోయేవి. అప్పుడతను తల ఎత్తి చూశాడు. దూలానికి రెండు తాళ్లు, తాళ్లకు ఆమె పెండ్లినాటి పసుపుపచ్చ నూలు చీర, అందులో మేఘు, పిడికిళ్లు బిగించి నిద్ర. పిల్లను మెల్లగా తీసి తన తల్లి చేతికిచ్చాడు. మంచం జరిపాడు. భాను కాలును రెండు చేతులతో, గుడ్డును ఎత్తినట్టు ఎత్తి, పిల్ల ఒంటి వెచ్చదనం ఇంకా పోని ఆ చీరలో పెట్టాడు. నొప్పి ఉందా అన్నాడు. లేదు అంది. ఆపరేషన్ అయ్యాక ఆ రాత్రే మొదటిసారి నిద్రపోయింది.

చూడటానికి తండా అంతా వచ్చింది. పక్కింటి జంపక్క గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, “ఏం కోటేష్, పెండ్లానికి జోల గూడ పాడుతున్నవా, లేకపోతే మమ్మల్ని రమ్మంటవా పాడనీకి” అంది. అందరూ నవ్వారు. కోటేష్ చెవులు ఎర్రబడ్డాయి. మా మొగోళ్లయితే కాలు ఇరిగితే ఇంకో కాలు ఉంది గద లెయ్ అంటరు అని ఎవరో అన్నారు. ఎంత గర్వపడింది ఆ రోజు. ఇరవై నాలుగు రోజులు కాలు తొట్టెలలోనే ఉంది. బయటికి పోవాల్సి వస్తే అతను ఎత్తి దించేవాడు, అతను లేకపోతే అత్త, అత్త లేకపోతే తన రెండు చేతులూ. ఆ ఇరవై నాలుగు రోజుల్లో కాలు ఒక్కసారి కూడా తనంతట తాను లేవలేదు, లేవమని ఎవరూ అడగలేదు. ముడి ఇంకొంచెం పైకి కట్టమని అడిగింది కూడా తనే. సలుపు పుడితే చేత్తో తాడు పట్టుకుని మెల్లగా ఊపుకున్నది కూడా తనే. జోకొట్టింది. తన కాలును తనే జోకొట్టి పడుకోబెట్టింది. మేఘు ఆ రాత్రి నుంచి నానమ్మ పక్కలోకి పోయింది, తొట్టెల ఖాళీ లేదు కదా. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పాలకు ఏడిస్తే తెచ్చి పక్కన పడుకోబెట్టేవాళ్లు, తాగాక తీసుకుపోయేవాళ్లు.

రెండూ ఇరవై అయిదు. ప్యాకెట్టు తీసి కింద పెట్టింది. మోకాలు ఎర్రగా, తడిగా, వేరే ఎవరిదో లాగా. తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టుకుంది. మోకాలి కింద ఖాళీగా ఉండాలి, మోకాలు తనంతట తాను కిందికి దిగాలి. దిగదు. మంచానికీ మోకాలికీ మధ్య మూడు వేళ్ల సందు. పోయిన వారం కూడా మూడు వేళ్లే. భద్రాచలంలో కాలు చూసే ఫరహా మేడం ఆ సందులో తన వేళ్లు పెట్టి కొలిచింది. నల్ల స్కార్ఫు, చిన్న గొంతు, ఇనుప వేళ్లు, భాను కంటే రెండు మూడేళ్లు పెద్దది ఉంటుందేమో, అయినా అక్కా అంటుంది. మొదటి రోజు ఏదో రాసుకుంటూ, ఇంట్ల కాలు ఎట్ల పెట్టుకుంటున్నవ్ అక్కా అని అడిగింది. భాను తొట్టెల సంగతి చెప్పింది, కొంచెం గొప్పగానే చెప్పింది, మా ఆయన కట్టిండు మేడం అని. ఫరహా పెన్ను ఆగింది. ఆ ఆగడం భానుకు తెలుసు. లెక్క మొదటి మెట్టులోనే తప్పిందని కనిపెట్టిన టీచరు పెన్ను అలాగే ఆగుతుంది, చివరిదాకా చూడదు.

“కండ తెగలే అక్కా, నరం తెగలే. మోకాల్ల వాపుంటే మెదడు తొడ కండను బంద్ పెడ్తది, ఇంకా దెబ్బ తాకొద్దని. గాలివానకు తీగ తెగి పడితే లైన్‌మన్ ఊరంతటికీ కరెంట్ బంద్ పెడ్తడు చూడు, గట్ల. వాపు తగ్గించుకుంట, కాలు చాపుకుంట, రెండో రోజు నుంచే తొడ బిగియ్యాలె. అప్పుడు మళ్ల వేస్తరు కరెంటు. మనం అడగనే లేదు గద.” ఎక్స్‌రేలున్న ప్లాస్టిక్ కవరులోంచి ఫరహా ఒక కాగితం తీసింది. అందులోనే ఉంది అంతా. మంచు ముక్కల బొమ్మ, మడమ కింద చుట్ట బొమ్మ, మోకాలి కింద దిండు పెట్టి దాని మీద కొట్టేసిన గీతలు. అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నాయి సరే, బొమ్మలకు ఏ భాష కావాలి. ఖమ్మంలో నర్సు ఆ కాగితం ఇస్తూ గబగబా ఏదో చెప్పింది, అర్థమైందా అంది, భాను తల ఊపింది. ఇంగ్లీషు కాగితం ఎవరు చేతిలో పెట్టినా తల ఊపి మడిచిపెట్టడం అలవాటు. ఇంటికొచ్చాక కవరు రేకుల కింద సందులోకి పోయింది, రేషన్ కార్డు పక్కకు, తడవకుండా. ఎంత భద్రంగా దాచిందో. ఒక్కసారి విప్పి చూసి ఉంటే. విప్పి చూడకపోవడానికి పనేముంది, ఇరవై నాలుగు రోజులు పడుకునే ఉంది కదా, రేకుల సందు వైపే చూస్తూ.

ఇప్పుడు బిగించు. మోకాలి చిప్పను పైకి లాగుకోవాలి, తొడ గట్టిపడాలి, అయిదు లెక్కపెట్టి వదలాలి. ముందు ఎడమ తొడ బిగించింది. అడగ్గానే బిగిసింది, చెప్పకముందే విన్నట్టు, చిప్ప చటుక్కున పైకి పోయింది. కుడి తొడా నువ్వు. ఏమీ లేదు. ఊపిరి బిగుసుకుంది, పళ్లు బిగుసుకున్నాయి, మెడ నరాలు తేలాయి, పిరుదు బిగిసింది, పాదం వేళ్లు వంకర తిరిగాయి. తొడ ఒక్కటే అలా పడి ఉంది, మెత్తగా, ఎడమ దానికంటే సన్నంగా, నిద్రపోతున్న పిల్ల పొట్టలాగా. ఎంత గట్టిగా పిలవాలి. పిలవడమంటే, హాస్టల్‌లో తనతో చదివిన నాగలత చెప్పిన మాట గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో పత్తి ఏరుడుకు అని అమ్మ తనను హాస్టల్ నుంచి తీసుకుపోయింది, పది రోజులకే అంది, పది రోజులు ఇంకా అయిపోనేలేదు. రెండేళ్ల తర్వాత పర్ణశాలలో కనబడిన నాగలత నవ్వుతూ చెప్పింది, నువ్వు పోయినంక గూడ సారు నెల దినాలు నీ పేరు పిలిచిండే, ఎవ్వరు పలకకపోతే మేమందరం నీ బెంచి దిక్కు చూసేటోళ్లం అని. ఆ మాట చాలాకాలం ఆమెకు తీపిగా ఉండేది, పిలిచారు కదా నెల రోజులు. ఇప్పుడు అనిపిస్తోంది, ఆ నెల రోజులూ తను ఎక్కడుందో సారుకు తెలియదు. తొడ కూడా ఏదో చేలో ఉండి ఉంటుంది. తన పేరు ఎవరో పిలుస్తున్నారని దానికి తెలియదు.

కరెంటు మిషను పెట్టినప్పుడు మాత్రం లేచింది. ఫరహా రెండు అట్టముక్కలు అంటించి మీట తిప్పింది, చీమలు పాకినట్టయి, తొడ ఒక్కసారి కప్పలా ఎగిరి గట్టిపడింది. భాను కిలకిలా నవ్వింది, ఫరహా కూడా నవ్వింది. ఉంది మేడం, ఉంది, అంది భాను. అవ్ ఉంది, ఇప్పుడు నువ్వు చెయ్ అని ఫరహా మీట ఆపింది. ఆపగానే అది మళ్లీ పడుకుంది. కూలి మనిషి వచ్చి దీపం పెట్టి పోయినట్టు. వారానికి రెండుసార్లు వంతెన దాటి పోయి ఆ మిషను కింద పడుకుని వస్తూనే ఉంది, వస్తదక్కా టైం పడ్తది అంటూనే ఉంది ఫరహా, కానీ మొదటి వారం అన్నట్టు అనడం లేదు. కొలిచే టేపు తీసినప్పుడు అంకె పైకి చదవడం లేదు.

ఇదేదీ కోటేష్‌కు చెప్పలేదు. ఇంక చాపి పెట్టాలంట అని మాత్రం చెప్పింది. అతను ఆ సాయంత్రమే తాళ్లు విప్పాడు, చీర ఉతికించాడు, మళ్లీ పిల్లకు కట్టాడు. మేఘు అందులో ఉండలేదు. వేస్తే వెన్ను విరిచి ఏడ్చింది, నానమ్మ పక్క అలవాటైపోయింది. అతను కొంచెం సేపు ఖాళీ తొట్టెలను ఊపి, నువ్వున్నప్పుడు ఎంత హాయిగ పండుకున్నవే అన్నాడు, నవ్వుతూ. ఎలా చెబుతుంది. అతని జీవితంలో తండా అంతా మెచ్చుకున్న పని అదొక్కటి.

రెండూ నలభై. బయట పుష్ప సంచి సర్దుతున్న చప్పుడు. గౌన్లు, గిలక, దగ్గు మందు. ఆ తొట్టెల చీర గూడ వేస్తున్న అమ్మా, మా ఇంట్ల కడ్త అని పుష్ప అంటోంది. వెయ్యి వెయ్యి అంటోంది అత్త. తలుపు సందులోంచి మేఘు కనబడుతోంది. మిరపకాయల కుప్ప దగ్గరికి పోవద్దని అడ్డం పెట్టిన వాకరును పట్టుకుని నిలబడింది. తల్లి నడక ఆగిపోయిన నెలలోనే పిల్లకు నడక వచ్చింది. వాకరు వదిలేసింది. గొంతుక్కూచుంది, కింద దేన్నో తీసుకుంది, చేతులు నేలకు ఆనించకుండానే లేచింది. భాను కన్నార్పకుండా చూసింది. ఆ చిన్న తొడలు, మడతలు పడ్డ తొడలు, లేచేటప్పుడు ముందువైపు ఎలా గట్టిపడ్డాయో. ఎవరు నేర్పారు దానికి. తన కడుపులో తయారైన తొడలే కదా. మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది, ఆటలాగా, అంత సులువుగా. ఓర్వలేనితనం లాంటిది ఏదో గొంతులోకి వచ్చింది, బిడ్డ మీదనే, ఛీ అనుకుని కళ్లు మూసుకుంది.

ఫరహా చెప్పిన రెండో దారి. ముందు మడమను మంచంలోకి గుచ్చాలి, తొడ వెనక కండ అలసిపోయేదాకా. అది ముందుదాన్ని లేవనీయకుండా పట్టుకుని కూర్చుందట, దాన్ని అలవగొడితే ముందుది లేవొచ్చట. గుచ్చింది. నులక కిర్రుమంది. వదిలింది. మళ్లీ గుచ్చింది. పదిసార్లు, ఇరవైసార్లు, చెమట చెవుల్లోకి కారింది. వెనక కండ వణకడం మొదలుపెట్టింది. మంచిదే. ఇంకో పది. ఇప్పుడు, ఇప్పుడు ఆ పట్టు సడలినప్పుడు, ముందుది. అరచెయ్యి చిప్పకు పైన పెట్టుకుంది. రా. రా తల్లీ. ఏదో కదిలింది. అరచేతి కింద సన్నగా, చేపపిల్ల తోక కొట్టినట్టు. మళ్లీ. అవును, టుక్, టుక్, టుక్. మళ్లీ టుక్. బిగించకపోయినా టుక్. భాను చెయ్యి తీసి మంచం పట్టె మీద పెట్టి చూసింది. అక్కడ కూడా టుక్ టుక్‌మంటోంది. అది తన అరచేతిలోని నాడి.

ఆటో పది నిమిషాల ముందే వచ్చింది. మలుపు దగ్గర హారన్ కొట్టింది, కుక్కలు అరిచాయి. సారపాక సెంటర్‌లో బస్సుకు టైమవుతోందని డ్రైవరు తొందర చేస్తున్నాడు. పుష్ప పిల్లను చంకనేసుకుని లోపలికి వచ్చింది, మంచం పక్కన కూర్చుంది, పిల్లను భాను ఎద మీద పడుకోబెట్టింది. మేఘు తల్లి ముక్కు పట్టుకుంది. తర్వాత అలవాటుగా చెయ్యి జాకెట్టులోకి పోనిచ్చింది. పుష్ప ఆ చేతిని మెల్లగా బయటికి తీసింది.

“ఇప్పుడు తాపకు, బస్సుల కక్కుతది. ఎట్లయినా మాన్పియ్యాలె గద భానూ. గుండె గట్టి చేసుకో. రెండు రోజులు ఏడుస్తది, మూడో రోజు మరుస్తది.”

ఉండనీ వదినా నేను చూసుకుంటా. ఆ మాట నోటి దాకా వచ్చి ఉంది, రెండింటి నుంచి అక్కడే ఉంది. భాను మేఘు నుదుటి మీది పెచ్చు చూసింది. “నుదురు మీద నీళ్లు పడనీయకు వదినా” అంది. పుష్ప లేచింది. పిల్ల ఏడవలేదు. మేనత్త భుజం మీద నుంచి తల్లి దిక్కు చూస్తూ, గాజులతో ఆడుకుంటూ పోయింది. కట్టిపెట్టిన తొట్టెల చీర సంచిలోంచి పసుపుపచ్చగా కనబడుతూ పోయింది.

ఆటో కదిలాక ఏడ్చింది. యాడీ, అని. తల్లిని పిలవడం నేర్చుకుని ఇంకా రెండు నెలలు కాలేదు, ఆ ఒక్క మాటనే పొడుగ్గా సాగదీసి, ఇంజను చప్పుడు మీద నుంచి, యాడీ. భాను తల లేచింది, వీపు లేచింది, రెండు చేతులూ మంచం పట్టెలను పట్టుకున్నాయి, ఎడమ కాలు దానంతట అదే నేల మీదికి దిగింది. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు, బిడ్డ పిలుస్తుంటే లేవని ఒళ్లు ఉంటుందా. కుడి కాలు తువ్వాలు చుట్ట మీద, పెట్టినచోట పెట్టినట్టే ఉంది. ఏడుపు మలుపు తిరిగింది, జామాయిల్ తోటల అవతలికి పోయి సన్నబడింది. అప్పుడు రొమ్ములు రెండూ జిమ్మున చీమలు పాకినట్టయి బరువెక్కాయి. ఎవరూ అడగలేదు, ఎవరూ బిగించమనలేదు, ఏ మిషనూ పెట్టలేదు. పాలు జాకెట్టును తడిపి, పక్కటెముకల మీదుగా వెచ్చగా జారాయి.

వాకిట్లో అత్త మిరపకాయల దగ్గర మళ్లీ కూర్చుంది. ప్యాకెట్టు కరిగిందా, షాపుల ఇచ్చి ఇంకోటి తెస్త, రేపటికి గడ్డకడ్తది అని అడిగింది. కరిగింది అంది భాను. వెనక్కి పడుకుని అరచెయ్యి మళ్లీ చిప్పకు పైన పెట్టుకుంది. తొడ మెత్తగా ఉంది. ఒకటి, అని లెక్క మొదలుపెట్టింది. చేతి కింద ఏమీ కదల్లేదు. తడి నడుం కిందికి దిగి పక్క గుడ్డను అంటుకుంది. ఒకటి, అంది మళ్లీ.